మిరప బాకీ

తన చేతితో పెంచుకున్న మిరపకాయను కోసుకుని తినే మనిషి ఎవరికైనా బాకీ ఉంటాడా? గూడెంలోనో తండాలోనో ఉన్నప్పుడు ఈ ప్రశ్న పెద్దగా రాలేదు. హైటెక్ సిటీ చుట్టూ మాదాపూర్, కొండాపూర్, గచ్చిబౌలి, నల్లగండ్ల వైపు బతుకుతున్న మాకు మాత్రం తరచూ ఎదురవుతోంది. ఇక్కడి బాల్కనీల్లో, మిద్దెల మీద మిరప మొక్కలు చాలా కనిపిస్తాయి. పెంచేవాళ్లు సంబరంగా చెప్పే మాట ఒకటుంది: "మందు కొట్టని కాయ, మా సొంత కాయ, ఇక ఎవరి మీదా ఆధారపడం." ఇందులో మొదటి మాట మంచిదే. రెండోది సగం నిజం. మూడోది నిజం కాదని మా అభిప్రాయం. ఎందుకు కాదో విడమరిచి చెప్పుకోవాలని ఈ నాలుగు మాటలు రాస్తున్నాం.

మేమెవరమో ముందే చెప్పాలి. ఖమ్మం, భద్రాద్రి కొత్తగూడెం, ములుగు, మహబూబాబాద్ జిల్లాల నుంచి వచ్చిన కోయలం, లంబాడీలం. 1998లో సైబర్ టవర్స్ ప్రారంభమయ్యేనాటికి ఇటువైపు ఎక్కువగా రాళ్ల గుట్టలూ పొలాలూ ఊళ్లూ ఉండేవి. ఆ తరువాత లేచిన అద్దాల మేడల్లో మావాళ్లు కొందరు కంప్యూటర్ ముందు కూర్చుంటున్నారు. కొందరు క్యాబులు నడుపుతున్నారు, కొందరు గేటు దగ్గర కాపలా ఉంటున్నారు, కొందరు అంతస్తులు తుడుస్తున్నారు. ఎవరు ఏ పనిలో ఉన్నా మా ఇళ్లల్లో మిరప ఏరని పెద్దమనిషి లేడు. కాబట్టి కుండీలో మిరప గురించి మాట్లాడితే మాకు చేలో మిరప కూడా గుర్తుకొస్తుంది.

ముందు కుండీ సంగతి చూద్దాం. మిరప పెంచడం అంత కష్టమేం కాదు. పండిన కాయను ఎండబెట్టి గింజలు తీసి, జూన్ జూలైల్లో నారు పోస్తే వారం పది రోజుల్లో మొలకలొస్తాయి. నెల దాటాక ఒక్కో మొక్కను ఒక్కో కుండీలోకి మార్చాలి. అడుగు వెడల్పు, అడుగు లోతు ఉంటే చాలు. ఎర్రమట్టి, పశువుల ఎరువు, కొబ్బరి పొట్టు, గుప్పెడు వేపపిండి కలిపితే మొక్క నిలబడుతుంది. రోజుకు అయిదారు గంటల ఎండ కావాలి. నీళ్లు ఎక్కువైతే వేరు కుళ్లుతుంది, తక్కువైతే పూత రాలుతుంది. ఏప్రిల్, మే ఎండలకు ఎంత నీళ్లు పోసినా పూత నిలవదు. పచ్చ వల కట్టి కొంత కాపాడుకోవాలి. ఆకు ముడుచుకుంటే తామర పురుగో నల్లో పట్టిందని అర్థం. లీటరు నీళ్లలో అయిదు మిల్లీలీటర్ల వేపనూనె, కొంచెం సబ్బునీళ్లు కలిపి ఆకు అడుగున తగిలేలా కొట్టాలి. పూత వచ్చిన మూడు నాలుగు వారాలకు పచ్చికాయ కోతకొస్తుంది. ఇంకొన్ని వారాలు వదిలేస్తే పండుతుంది.

ఇంతవరకు అందరికీ తెలిసిందే. ఆ "సొంత కాయ" ఎంత సొంతమో మాత్రం నిలబడి చూడాలి. మేడ మీద మట్టి ఉండదు. ఎర్రమట్టి సంచుల్లో వస్తుంది. ఎక్కడో ఒక నేలను తవ్వితేనే అది వస్తుంది. ఎరువు ఎవరి పశువులదో. ఆ సంచులను కింద నుంచి పైకి మోసిన మనిషి ఒకడున్నాడు. ఇంటివాళ్లు పండక్కి ఊరెళితే నీళ్లు పోసేది కాపలా మనిషో, ఇంట్లో పనిచేసే అమ్మో. ఒక్క మొక్క వెనక ఇంతమంది ఉన్నారు. అయినా కాయ కాసేసరికి అది ఒక్కరిదవుతుంది.

ఇక లెక్క. కుండీ మొక్కలు నాలుగుంటే పచ్చిమిర్చి కొనాల్సిన పని చాలావరకు తప్పుతుంది. ఎండుకారం సంగతి వేరు. మూడు నాలుగు కిలోల పండుకాయ ఎండితే ఒక కిలో ఎండుమిర్చి అవుతుంది. వేసవిలో అయిదు కిలోలు మిల్లుకు పట్టించుకునే ఇల్లు ఉందనుకుందాం. వాళ్లకు పదిహేను ఇరవై కిలోల పండుకాయ కావాలి. బాల్కనీ అంతా కుండీలతో నింపినా అంత రాదు. కాబట్టి పచ్చిమిర్చి మేడ మీద పండించుకునే ఇల్లు కూడా ఎండుకారానికి చేను మీదే బతుకుతోంది. పప్పులో తాలింపు, మామిడికాయ పచ్చడి, కూరలో ఎరుపు అన్నీ ఆ చేనువే.

ఆ చేనులో ఏం జరుగుతుందో కూడా లెక్కతోనే చెప్పొచ్చు. ఒక ఎండుకాయ సుమారు గ్రాము తూగుతుందనుకుంటే కిలోకు వెయ్యి కాయలు. క్వింటాలుకు లక్ష. ఎకరంలో ఇరవై క్వింటాళ్లు పండితే ఇరవై లక్షల కాయలు. మన దగ్గర ఎండుమిర్చికి వరిలాగా కోత మిషన్ లేదు. ఆ ఇరవై లక్షల కాయలనూ మనుషులు ఒక్కొక్కటిగా తొడిమతో తుంచాలి. మిరప కొమ్మ పెళుసు. ఒక చేత్తో కొమ్మ పట్టుకుని రెండో చేత్తో కాయ తియ్యాలి, లేకపోతే పై కాపు కొమ్మతో సహా పోతుంది. జనవరి నుంచి ఏప్రిల్ దాకా ఒకే చేనును మూడు నాలుగు సార్లు ఇట్లా ఏరాలి. తరువాత కల్లంలో ఆరబోసి, తిరగేసి, తాలు కాయ వేరు చేసి, గోనెల్లో తొక్కాలి. అయిదు కిలోల కారం పట్టించుకున్న ఇంటి కోసం ఎవరివో చేతులు అయిదు వేల సార్లు వంగాయి.

ఈ లెక్క మాకు పుస్తకంలో దొరకలేదు. కుండీ దగ్గరే తట్టింది. ఇరవై కాయలు కోసి, తరిగి, మరిచిపోయి కన్ను నలుపుకుంటే చాలు, సాయంత్రం దాకా మంట. ఆ మంటకు కారణమైన పదార్థం కాయ లోపలి తెల్లని ఈనెల్లో ఉంటుంది. గింజకు అంటుకుని వస్తుంది గనుక గింజ కారమనుకుంటాం. అది నీళ్లకు వదలదు, నూనెకూ మజ్జిగకూ వదులుతుంది. వేడిని పసిగట్టే నరాల తలుపును అది తెరుస్తుంది. కాబట్టి ఒళ్లు నిజంగానే కాలుతోందని మెదడు నమ్ముతుంది. ఈ సంగతి మిరప సాయంతోనే కనిపెట్టిన డేవిడ్ జూలియస్‌కు 2021లో వైద్యంలో నోబెల్ బహుమతి వచ్చింది, మరొక శాస్త్రవేత్తతో కలిపి. పక్షులకు ఈ మంట తెలియదు. అవి కాయలు తిని గింజలను దూరదూరాలకు చేరుస్తాయి. మంట మనుషులకూ తక్కిన పాలిచ్చే జంతువులకూ తగులుతుంది. పొద్దుటి నుంచి పొద్దుగూకేదాకా ఏరే ఆడవాళ్ల చేతులకు అది ఎంతగా పట్టి ఉంటుందో మా అమ్మల చేతుల్లో చూశాం. పసిపిల్లను ఎత్తుకునే ముందు మట్టితో, మజ్జిగతో రుద్దుకునేవాళ్లు. అయినా పిల్ల ముఖం తాకడానికి జంకేవాళ్లు.

ఇక్కడ ఒక వాదం వస్తుంది. "మేం డబ్బులిచ్చి కొన్నాం. కొన్నాక బాకీ ఏముంది?" అని. న్యాయంగా వినాల్సిన మాటే. బేరం తీరిన చోట బాకీ తీరినట్టే అని మార్కెట్ చెబుతుంది. అది నిజమైతే ధర పడిపోయిన ఏడు ఆ కాయ తిన్నవాళ్లందరూ ఎవరికీ ఏమీ ఇవ్వనక్కర్లేని వాళ్లే అవుతారు. 2017 ఏప్రిల్‌లో మిర్చి ధర కూలిపోతే ఖమ్మం మార్కెట్ యార్డులో రైతులు తిరగబడ్డారు. అరెస్టయిన రైతులను సంకెళ్లతో కోర్టుకు తెచ్చిన ఫొటోలు అందరం చూశాం. 2021లో కొత్త జాతి తామర పురుగు పూతలో దూరి తోటలకు తోటలను ఎండగొట్టింది. అప్పులు మిగిలాయి. ఆ రెండేళ్లలోనూ నగరంలో కూరల్లో కారం తగ్గలేదు. అంటే తినేవాడికి చేరే కాయకూ, పండించినవాడికి చేరే బతుకుకూ మధ్య ధర అనేది నమ్మకమైన కొలత కాదు. ధర చెల్లించాం గనుక విడిపోయాం అనుకోవడం కుదరదు.

రైతు కన్నా కింద ఇంకొకరున్నారు, ఏరే కూలీ. కోత కాలంలో ఛత్తీస్‌గఢ్ అడవుల నుంచి మా బంధువులైన కోయలు గోదావరి దాటి భద్రాద్రి, ములుగు చేలకు వస్తారు. ఇక్కడ వాళ్లను గొత్తికోయలంటారు. చేల పక్కనే పట్టాలు కట్టుకుని నెలల తరబడి ఉంటారు. కొన్ని చోట్ల కూలి డబ్బుగా కాక కాయగానే ఇస్తారు. ధర పడితే ఆ కూలీ కూడా దానంతటదే పడిపోతుంది. పెద్దల వెంట పిల్లలూ వస్తారు. 2020లో లాక్‌డౌన్ వచ్చి పనులు ఆగిపోయాయి. బస్సులు లేవు. ములుగు జిల్లా పేరూరుకు మిరప ఏరడానికి వచ్చిన బీజాపూర్ జిల్లా ఆదివాసీ పిల్ల ఒకటి, పన్నెండేళ్లది, తోటివాళ్లతో అడవి దారిన మూడు రోజులు నడిచింది. ఊరు దగ్గర పడిందనగా ఏప్రిల్ 18న ప్రాణం వదిలింది.

ఆ పిల్ల ఏరిన కాయ ఎవరి ఇంటికి పోయిందో ఎవరూ చెప్పలేరు. యార్డులో గోనెలన్నీ కలిసిపోతాయి. కలిసిపోవడమే ఇందులో చిక్కు. ఎవరి చేతి కాయ ఎవరు తిన్నారో తెలియదు గనుక ఎవరికీ బాకీ లేదని ఒకరు అనవచ్చు. మేం దాన్ని తిప్పి చూస్తాం. ఎవరి కాయో తెలియనప్పుడు అందరం అందరికీ బాకీ. ఊరంతా కలిసి తాగే చెలమను ఏ ఒక్కరో తవ్వలేదు, అందుకని దాన్ని ఎవరూ శుభ్రం చెయ్యక్కర్లేదా?

ఈ మాట నగరానికి చెబుతున్నప్పుడు మాకూ చెప్పుకోవాలి. మావాళ్లలో రెండు మూడెకరాల పట్టా ఉన్నవాళ్లు కూడా మిరప వేస్తున్నారు. నది అవతలి నుంచి వచ్చిన మా రక్తసంబంధీకులనే మేస్త్రి ద్వారా మాట్లాడుకుంటున్నారు. ఆదివాసీ చేనులో ఆదివాసీ కూలీ అయినంత మాత్రాన కూలి న్యాయమైనదైపోదు. చేను ఎవరిదన్నది ఒక ప్రశ్న. ఏరే మనిషికి నీడ, నీళ్లు, బడి, సరైన కూలి ఉన్నాయా అన్నది ఇంకో ప్రశ్న. మొదటిదానికి జవాబు మావైపు ఉంటే రెండోదాన్ని వదిలేసే అలవాటు పడకూడదు.

మిరప చరిత్ర కూడా ఈ బాకీని గుర్తు చేస్తుంది. అది మన నేల మొక్క కాదు. మెక్సికో ప్రాంతపు ఆదివాసులు ఆరు వేల ఏళ్లకు ముందే దాన్ని అడవి నుంచి తెచ్చి ఇంటి మొక్కను చేశారు. చిల్లీ అనే మాట వాళ్ల నహువాట్ల్ భాషలోది. పోర్చుగీసు ఓడల్లో అది మన తీరానికి వచ్చి సుమారు అయిదు వందల ఏళ్లే అయింది. అంతకు ముందు మన కారం మిరియం. కొత్త కాయకు మిరియానికి దగ్గరి పేరే పెట్టుకున్నాం. ఆ తరువాత అది ఎంతగా మనదైపోయిందంటే, గుంటూరు సన్నానికి భౌగోళిక గుర్తింపు వచ్చింది. 2025లో వరంగల్ చపాటాకూ వచ్చింది. ఎర్రగా, కండగా, కారం తక్కువగా ఉండే చపాటాను టమాటా మిర్చి అని కూడా అంటారు. ఆ గుర్తింపులు రైతులకు మేలు చేస్తే సంతోషమే. అయితే అడవి మొక్క నుంచి, పిట్ట ముక్కున కరుచుకునే చిన్న కాయ నుంచి, చేతికి నిండే కాయను ఎంచి ఎంచి తయారుచేసిన తొలి ఆదివాసీ ఆడవాళ్లకూ మగవాళ్లకూ ఏ పత్రం మీదా పేరు లేదు. మన బాల్కనీలో గింజ కూడా వాళ్లిచ్చిందే. సొంత గింజ అని ఎవరన్నా ఈ సంగతి గుర్తుంచుకుని అనాలి.

ఇంత చెప్పి, కుండీల్లో మిరప పెంచొద్దని మేం అనడం లేదు. పెంచాలనే అంటాం. కుండీ మనల్ని చేను నుంచి విడదీయదు, చేనును దగ్గరగా చూపిస్తుంది. నాలుగు మొక్కలకు పురుగు పట్టినప్పుడు నాలుగెకరాలకు పట్టినవాడి రాత్రి ఎట్లా గడుస్తుందో కొంచెం తెలుస్తుంది. మన నాలుగు మొక్కలు పోతే కొట్టుకు వెళ్తాం. అతని తోట పోతే అప్పు మిగులుతుంది. ఈ తేడా తెలిసిన మనిషి సంతలో పచ్చిమిర్చి అమ్మే ముసలామె దగ్గర అయిదు రూపాయలకు గీసి గీసి బేరమాడలేడు. పెంచడం వల్ల వచ్చే జ్ఞానం మనిషిని అక్కడిదాకా నడిపిస్తే ఆ కుండీ సార్థకమైనట్టు. "ఇక మాకెవరూ అక్కర్లేదు" అనేదాకా నడిపిస్తే దారి తప్పినట్టు.

మా పెద్దలకు దీనికి ఒక పద్ధతి ఉండేది. పంట చేతికి రాగానే తినేవాళ్లు కారు. చిక్కుడైనా, మామిడైనా, కొత్త ధాన్యమైనా ఊరంతా ఒకచోట చేరి, పెద్దలకూ దేవతలకూ పెట్టాకే నోట్లో వేసుకోవాలి. కోయల్లో కొత్తల పండుగ, విశాఖ మన్యంలో చిక్కుడు కొత్త, మామిడి కొత్త, కొర్ర కొత్త ఇట్లాంటివే. బయటివాళ్లు దాన్ని మొక్కుబడి అనుకుంటారు. మేం చూసినంతలో దాని వెనక ఒక న్యాయం ఉంది: కాయ కాసినంత మాత్రాన నీది కాదు. అందరి ముందు పెట్టాక, అందరితో తిన్నాక నీ వంతు నీదవుతుంది. ఎవడి చెట్టు ముందు కాస్తే వాడు ముందు తినేస్తే లేనివాడు చూస్తూ నిలబడాలి. అట్లా ఒకరు చూస్తూ నిలబడే పరిస్థితి రాకుండా ఊరు చేసుకున్న కట్టు అది.

ఇందులో దానం లేదు. దానం ఇచ్చేవాడి మనసు మీద ఆధారపడుతుంది. ఇయ్యాల ఇస్తాడు, రేపు ఇవ్వడు. ఇచ్చినప్పుడల్లా తీసుకునేవాడు తల వంచాలి. వంతు అట్లా కాదు. వేటలో పడిన జంతువును పంచేటప్పుడు ఎవరూ ఎవరికీ దండం పెట్టరు. ఉన్నందుకు వంతు, నడిచినందుకు వంతు. పై అంతస్తు నుంచి మిగిలిపోయిన అన్నం కిందికి పంపడం దానం. మొక్కకు నీళ్లు పోసిన చెయ్యి కాయ కోసుకోవడం వంతు. ఈ రెండింటికీ మధ్య ఉన్న దూరం చిన్నదిగా కనిపిస్తుంది గాని, మనిషి మర్యాద అంతా ఆ దూరంలోనే ఉంది. మిద్దె మీద మొక్కలకు రోజూ నీళ్లు పోసే మనిషి మధ్యాహ్నం గొడ్డుకారం మెతుకుల్లోకి రెండు కాయలు తుంచుకోవాలంటే అనుమతి అడగాల్సి వస్తే, ఆ తోటలో మందు కొట్టకపోయినా ఏదో ఒక విషం ఉన్నట్టే.

మేమెరిగిన కొత్తల్లో మిరపకు కొత్త లేదు. అది మనకు చుట్టంగా వచ్చి, సంత పంటగా స్థిరపడింది. సంత పంటకు ఊరు కూర్చుని తినే రోజు ఉండదు, కాటా మీద తూగే రోజే ఉంటుంది. అందుకే ఏరిన చేతికి అది ఎప్పుడూ పరాయిదే అయింది. మరి ఇప్పుడైనా మిరప కొత్త ఒకటి ఎందుకు పెట్టుకోకూడదు? దానికి అడవే ఉండాలని లేదు. కొండాపూర్‌లో తొమ్మిదో అంతస్తు చాలు. కుండీలో మొదటి కాపు ఇంటివాళ్లు ముట్టుకోకుండా, దాని వెనక ఉన్న చేతులన్నిటినీ పిలిచి కూర్చోబెట్టాలి. మట్టి సంచి మోసినవాళ్లు, నీళ్లు పోసినవాళ్లు, చెత్తను ఎరువు చేసినవాళ్లు, అందరూ. పండుమిర్చి రోట్లో నూరి, వేడన్నంలో నూనె వేసుకుని ఒకే వరసలో కూర్చుని తినాలి. ఎవరి ఊరు ఏది, ఎవరి అమ్మ ఏ చేలో ఏరింది, ఇప్పుడు ఏరేవాళ్లు ఎవరు, వాళ్ల పిల్లలు బడికి పోతున్నారా అని మాట్లాడుకోవాలి. తిన్నంత మాత్రాన చేనులో కూలి పెరగదని మాకు తెలుసు. కూలి కోసం, ధర కోసం, ఏరే పిల్లల చదువు కోసం యార్డులోనూ చట్టంలోనూ కొట్లాడాల్సింది వేరే ఉంది. ఆ కొట్లాటకు మనిషి వెళ్లాలంటే ముందు తను బాకీ ఉన్నానని తెలియాలి. బాకీ లేదనుకునేవాడు ఏ కొట్లాటకూ రాడు.

జూన్‌లో నారు పోస్తే దసరా నాటికి మొదటి కాపు వస్తుంది. అప్పటికి మొక్కకు నీళ్లు పోసినవాళ్లందరి పేర్లూ తెలుసుకుని ఉండాలి. జనవరి నాటికి అవతలి గట్టు నుంచి కూలీల గుంపులు గోదావరి దాటడం మొదలుపెడతాయి.